నేను పట్టించుకోని పాలపిట్ట

ఈ రోజు పొద్దున కోహెడ దగ్గరి పత్తి చేన్ల వైపు పక్షులను చూడడానికి వెళ్లాను. దుబ్బాకలో చీరలు నేసే మా బామ్మర్ది శంకర్ కూడా వెంట వచ్చాడు. నాకిది ఆరేళ్ల అలవాటు, వాడికి మొదటిసారి.

కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. రోజూ చూసేదే కదా అని నేను బైనాక్యులర్ ఎత్తలేదు. వాడు మాత్రం ఆగిపోయాడు.

"బావా, గిదేం పిట్ట?"

"పాలపిట్టరా. దసరాకు ఎన్నడూ చూడలేదా?"

"ఏటా చూస్త. దాని రొమ్ము గోధుమరంగుంటది. దీనికి తలకాయ కెల్లి పొట్ట దాంక నీలమే గద. రంగుల సంగతి నాకు జెప్తవా?"

అప్పుడు చూశాను. అది మన పాలపిట్ట కాదు, దాని జాతిదే అయిన యూరోపియన్ రోలర్. ఆఫ్రికాకు పోతూ ఎప్పుడో ఒకసారి మన దగ్గర ఆగుతుంది. ఆరేళ్లుగా నేను దాని కోసం తిరుగుతున్నాను.

ఫొటో తీసి, పక్షులు చూసేవాళ్ల మా వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, ముందు ఎవరికి కనబడిందని అందరూ అడిగారు. "మాకు" అని రాశాను.

తనను కూడా గ్రూపులో చేర్చమని శంకర్ సాయంత్రం నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. మీరైతే చేరుస్తారా?