సున్నా అన్న ఓబులమ్మ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను ఒమాన్‌ దేశంలో, అల్ మవాలేలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. అప్పుడే అక్కడికి మెదడుకు శిక్షణ ఇచ్చే యంత్రం వచ్చింది. క్యాన్సర్ మందులు నరాలను దెబ్బతీస్తే చికిత్స ముగిసినా అరచేతులు, అరికాళ్ళు మండుతూనే ఉంటాయి, చల్లటిది తగిలితే ఇంకా ఎక్కువగా. తలకు జిగురుతో వైర్లు అంటిస్తాం. మెదడు తరంగాలు కావలసిన తీరుకు వస్తే తెరమీది గీత పచ్చబడి, చిన్న గంట మోగుతుంది. అలా సాధన చేస్తే మెదడు నొప్పిని పట్టించుకునే తీరు మారుతుందట.

నరాల సంగతి నేను కాలేజీలో కంటే లైబ్రరీల్లోనే ఎక్కువ నేర్చుకున్నాను. ఆ చదువు వల్లే నాకు అనుమానం: గంట మోగితే మంట తగ్గుతుందా?

మొదట వచ్చిన వాళ్ళలో ఓబులమ్మ ఒకరు. కడప మనిషి, సువైక్ అనే ఊళ్ళో ఒకరింట్లో పనిచేసేది. ఆ ఇంటి ఒమానీ మేడం స్వయంగా కారులో తెచ్చి పక్కనే కూర్చునేది. వెంట వచ్చినవారికీ అర్థమయ్యే భాషలో మాట్లాడాలని క్లినిక్ నియమం కాబట్టి, నొప్పి పదికి ఎంత అని హిందీలో అడిగేవాణ్ణి. రెండోవారానికే ఓబులమ్మ సున్నా అంది. డాక్టరు సంతోషించారు. నాకు నమ్మకం కలగలేదు. నొప్పి లేని మనిషి చల్లని నీళ్ళ సీసాను కొంగుతో ఎందుకు పట్టుకుంటుంది?

ఒకరోజు మేడం నమాజుకు వెళ్ళినప్పుడు తెలుగులో అడిగాను.

"పదికి ఏడు ఉందన్నా," అంది. "గిన్నెలు పట్టు జారతాండాయి. ఆయమ్మకు తెలిస్తే టికెట్ తీసి ఇంటికి పంపిస్తాది. ఈ వైర్లు నా మనసులో మాట ఆమెకు చెప్తాయేమోనని, బాగుంది బాగుంది అని జపం చేస్తా కూర్చుంటాండా."

"వీటికి మాటలు వినపడవమ్మా," అన్నాను.

"ముందే చెప్పకపోతివే! జపం చేసి చేసి తల నొస్తాంది."

ఓబులమ్మ ఒప్పుకున్నాకే నేను విషయం చెబితే, మేడంతో డాక్టరు మాట్లాడారు. మేడం గిన్నెల పని వేరే మనిషికి అప్పగించి, ఓబులమ్మను పిల్లల దగ్గర పెట్టింది. ఆ తర్వాత స్కోరు ఒంటరిగా ఉన్నప్పుడే అడిగాం. చికిత్స చివర్లో ఐదు అంది. మంట ఉందిగానీ దాని గొడవ తగ్గిందంది.

ఆ తగ్గుదల యంత్రానిదో, భయం పోయినందువల్లో ఈనాటికీ తేల్చలేను. ఐదును మాత్రం నమ్మాను. నొప్పి ఎంత అని అడిగే ముందు గదిలో ఇంకెవరున్నారో చూడటం ఆ కేసుతోనే అలవాటైంది.