గడప బయటి గొంతు

మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోనులో ఉన్న పాఠకుల గుంపులో నన్ను కూడా చేర్చింది. అందులో ఉన్నవాళ్లంతా మంత్రాల కోటలు, ఎగిరే గుర్రాలు, రక్తం తాగే పిశాచాలు ఉండే నవలలే చదువుతారట. చదివినవాళ్లు చదవనివాళ్లకు మంచివి చెబుతుంటారట. నన్ను కూడా ఒకటి చెప్పమని పట్టుబట్టింది. చెప్పటానికి నా దగ్గర ఒక్క నవలే ఉంది. దాని పేరు నాకు తెలియదు, ఎందుకంటే నా చేతికి వచ్చేసరికే దానికి అట్ట లేదు. తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ వీపు మీద చన్నీళ్లు పోసినట్టవుతుంది.

మాది గూడూరు. మన ఈడువాళ్లకు అద్దె పుస్తకాల షాపులు గుర్తుండే ఉంటాయి, ఆ పాత కాగితాల వాసన, మనకంటే ముందు చదివినవాళ్లు భయంకరమైన చోటల్లా పేజీ మూల మడిచిన గుర్తులు. మా వదిన ఆ షాపుకు పోని వారం లేదు. నాకు పెళ్లయి విడవలూరు అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరికి కాపురానికి వెళ్లాక కూడా, అటు వచ్చేవాళ్లెవరి చేతనైనా నిమ్మకాయల సంచిలో ఒక నవల పెట్టి పంపేది. మా అత్తయ్యకు వాక్యం, అదే బైబిలు, తప్ప మరో పుస్తకం ఇంట్లో ఉండటం ఇష్టం లేదు. పిశాచాల కథలు చదివితే పిశాచాలను ఇంటికి పిలిచినట్టేనని ఆమె నమ్మకం. అందుకని నేనూ మా ఆడబిడ్డా వడ్ల గాదె వెనక కూర్చుని, నేను మెల్లగా చదువుతుంటే ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వినేది. భయం వేసినప్పుడు అరవకూడదు కాబట్టి గిల్లేది. ఆ రోజుల్లో నా చేతుల నిండా నల్లటి మచ్చలే.

ఆ అట్ట లేని నవలలో పిశాచం గడప దాటి రాలేదు. లోపలి మనిషి తలుపు తీసి రమ్మంటేనే దానికి దారి. అందుకని అది ఇంటావిడకు బాగా తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, ఒకసారి పక్కింటావిడలా, ఒకసారి చనిపోయిన తండ్రిలా. చివరికి ఊరికి పోయిన భర్త గొంతుతో, అలిసిపోయినట్టు, తలుపు తీయమంటుంది. మేము అక్కడిదాకా చదివాము. మిగతాది మరునాడు చదువుదామనుకున్నాము.

మరునాడు తుఫాను వచ్చింది. పొద్దున్నే ఆకాశం ఇత్తడి చెంబు రంగుకు తిరిగింది, కాకి అన్నది కనపడలేదు. మామయ్యా మా ఆయనా పొలం దగ్గర కొట్టంలో కట్టేసిన గేదెలను విప్పి వస్తామని వెళ్తూ, మమ్మల్ని చర్చికి పొమ్మన్నారు. ఊళ్లో స్లాబు ఉన్న కట్టడం అదొక్కటే. మధ్యాహ్నానికే లోపల చీకటి పడినట్టయింది. పెద్ద తలుపుకు అడ్డగడియ వేసి బెంచీలు ఆనించారు. బయట గాలి ఈల వేయటం మానేసి ఏడవటం మొదలుపెట్టింది, దూరంగా ఎవరి ఇంటి రేకులో లేచిపోయి ఎక్కడో పడిన చప్పుడు. కిటికీ సందుల్లోంచి వచ్చిన నీళ్లు నాలుక మీద పడితే ఉప్పగా ఉన్నాయి. సముద్రం ఎంత దగ్గరికి వచ్చిందో అప్పుడు అర్థమైంది. పొలానికి వెళ్లినవాళ్లు రాలేదు.

ప్రార్థనలు చేసి చేసి ఆడవాళ్ల గొంతులు పోయాయి. మౌనంగా ఉంటే గాలి చప్పుడు ఇంకా పెద్దదయ్యేది. పసిపిల్లలు ఆగకుండా ఏడుస్తున్నారు. అప్పుడు మా అత్తయ్య నా పక్కకు జరిగి, అందరికీ వినపడేలా అడిగింది.

"అమ్మాయ్, గాదె ఎనక సదువుకుంటుండారే, ఆ పిశాచం కత, అది చెప్పు."

ఆమెకు ఇన్నాళ్లూ తెలుసన్నమాట. నేను ఆడబిడ్డ వైపు చూస్తే, "ఊరికే కూర్చుంటే గుండె పగిలేటట్టుండాది. ఏదో ఒకటి చెప్పు మే" అంది.

చెప్పాను. మొదట మెల్లగా, తర్వాత కథలో పడిపోయి, గాలిని కూడా కథలోకి కలుపుకుని చెప్పాను. ఆడవాళ్లు నా చుట్టూ ఒకరినొకరు ఒరుసుకుంటూ చేరారు. పిల్లలు ఏడుపు ఆపారు. భర్త గొంతుతో పిశాచం పిలిచే చోటికి వచ్చాను. సరిగ్గా అప్పుడే తలుపు మీద దబదబా చప్పుడు.

"అమ్మా! తలుపు తియ్యి! నేనే!"

మా ఆయన గొంతు. గొంతు అదే, కాని బొంగురుగా, నీళ్లలోంచి వస్తున్నట్టుగా ఉంది. ఎవరో కెవ్వుమన్నారు. మా ఆడబిడ్డ నా మీద పడిపోయింది. పిలుస్తున్నది నా భర్తేనని బుద్ధికి తెలుస్తూనే ఉంది, ఒళ్లు మాత్రం కదలదు. "తియ్యబాకండి, గాలికి తలుపు మళ్లీ మూతపడదు" అని ఒక ముసలామె అరిచింది, ఆమె చెప్పిందీ నిజమే. ఎవరూ లేవలేదు.

మా అత్తయ్య లేచింది. చీర కొంగు నడుముకు దోపి బెంచీలు లాగుతూ, "పిశాచమైతే కానీ. నా బిడ్డ గొంతుతో పిలిచినాక తియ్యకుండా ఎట్టుంటా?" అంది.

గడియ తీయగానే తలుపు గోడకు కొట్టుకుంది. బయట నడుముదాకా బురదతో, పూర్తిగా ఎరుపెక్కిన కళ్లతో మా ఆయన, ఆయన వీపు మీద మామయ్య. కొట్టం గోడ కూలి మామయ్య కాలు నలిగింది. ఇద్దరినీ లోపలికి లాగాక, గడియ మళ్లీ పడకపోతే, ఉన్న ఆడవాళ్లందరం తలుపుకు వీపులు ఆనించి నిలబడి, గాలి తగ్గేదాకా దానిని మా బరువుతోనే మూసి ఉంచాము.

మామయ్య బతికారు, కుంటుతూ చాలా ఏళ్లు తిరిగారు. గేదెల్లో సగం దక్కలేదు. ఇల్లు కూలి నవల నీళ్ల పాలైంది. గూడూరు షాపులో అలాంటిది ఇంకొకటి దొరకలేదు. ఆ ఇంటావిడ తలుపు తీసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్తయ్యకు మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆ తుఫాను నాటి సంగతి ఊళ్లో కోడళ్లందరికీ చెప్పి, భయపడాలనుంటే మా కోడల్ని అడగండి, బాగా చెప్తుంది అని పంపేది. ఆమె పోయేదాకా నా దగ్గరికి ఎవరో ఒకరు అలా వస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ తీరంలో తుఫాను షెల్టర్లు ఉన్నాయి, ముందే ఫోన్లు మోగుతాయి, బస్సులు వచ్చి తీసుకుపోతాయి, అది ఎంత మేలో అనుభవించినవాళ్లకే తెలుసు. నెల్లూరులో మా అబ్బాయి ఇంటి తలుపుకు చిన్న కెమెరా ఉంది. ఎవరు వచ్చినా ముందు ఫోనులో మొహం చూసి, తర్వాత తీయాలో వద్దో ఆలోచిస్తాం. గొంతు గుర్తుపట్టే పని ఎవరికీ లేదు. ఒక్కోసారి మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, బయట నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే బాగుండునని అనిపిస్తుంది. భయం వేసినా సరే, లేచి వెళ్లి తీయాలని ఉంటుంది.