నా ఏడు వికెట్ల రికార్డు

బేస్‌బాల్‌లో పాతకాలపు పిచ్చర్ల రికార్డులు కొన్ని ఇక ఎవరూ దాటలేరని పొద్దున ఫోన్‌లో చదివి సంతోషించాను. అప్పట్లో ఆటంతా ఒక్కడే బంతి విసిరేవాడట, ఇప్పుడు మధ్యలోనే మార్చేస్తారట. దుబాయ్‌లో మా సోనాపూర్ లేబర్ క్యాంపు క్రికెట్‌లో నా ఏడు వికెట్లకూ అదే రక్షణ. ఇప్పుడు మనిషికి నాలుగు ఓవర్లే.

ఈ రోజు మ్యాచ్‌కు నేను అంపైర్‌ని. సెంట్రింగ్ పని చేసే గంగాధర్ నాలుగు ఓవర్లలో ఆరుగురిని పడగొట్టాడు. ఇంకో ఇద్దరిని మిగతా బౌలర్లు ఔట్ చేశారు. ఇక రెండు వికెట్లే మిగిలాయి. బ్యాటింగ్ జట్టు కెప్టెన్, నెల్లూరు సలీం, చేయెత్తాడు.

“గంగాధర్ ఓవర్లు ఖలాస్, చాచా! వేరేవాణ్ణి పిలవండి.”

“నావి ఓవర్ల లెక్క లేని రోజుల వికెట్లని పదేండ్ల సంది ఎగతాళి చేస్తున్నవు గద సలీం! ఇయ్యాల వీనికి గూడ లెక్క తీసెయ్యి. దమ్ముంటే నీ రెండు వికెట్లు కాపాడుకో.”

సలీం నవ్వి సరేనన్నాడు. గంగాధర్ ఐదో ఓవర్లోనే ఆ రెండు వికెట్లూ పడ్డాయి. మొత్తం ఎనిమిది!

కడుపు కొంచెం మండిన మాట నిజమే. అయినా ఇంటికొచ్చేదాకా నా అడుగులు తేలిగ్గానే పడ్డాయి. రూలు తప్పించానని తిట్టేవాళ్లు కింద కామెంట్లలో తిట్టండి. గంగాధర్‌కు ఎదురు నిలిచే మొనగాడు మీ క్యాంపులో ఉంటే పేరు రాయండి. ఆదివారం పంపండి, చూద్దాం.