తిప్పి చూడందే నమ్మని ఎవరిస్తో

ప్రొఫెసర్ ఎవరిస్తోకి ఒకటే జబ్బు. దేన్నైనా ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి చూస్తేగాని నమ్మడు. కాఫీ సగం కుడిచేత్తో, సగం ఎడమచేత్తో తాగాకే బాగుందో లేదో చెబుతాడు. పెళ్లినాడు చర్చిలో పాదిరీని ఆపి, పెళ్లికూతురికి ఆ పక్కకి మారి నిలబడి, అప్పుడు “సరే, చేసుకుంటాను” అన్నాడట. రోమ్ పక్క కొండల మీదున్న ఆ ప్రయోగశాలలో అందరూ ఈ మాట చెప్పుకుంటారు. ఆయన భార్య ఇంతవరకూ కాదనలేదు.

ఆయన కింద పనిచేసే ఓర్నెల్లాకి మాత్రం నవ్వే తీరిక లేదు. ఆమె ఉద్యోగం గడువు ఆ నెలతో సరి. రెప్పపాటు కూడా బతకని కణాలు ఎలా విరిగిపోతాయో చూడడం ఆమె పని. కణమూ, దానికి అద్దంలో బొమ్మలాంటి ప్రతికణమూ ఒకేలా విరుగుతాయా? ఆమె లెక్కలో తేడా కనిపించింది. ఆ సంగతి ప్రయోగశాలంతా చాటేసింది కూడా.

“అయస్కాంతం తిప్పి చూశావా, అమ్మాయ్?”

“మీకో దండం, ప్రొఫెసర్ గారూ! మీ చేతికి చిక్కితే దేవుణ్ణి కూడా తిప్పి చూస్తారు.”

“ఆయన ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?”

ఆయన పోరు పడలేక, కణాల్ని వంచే ఆ అయస్కాంతంలో కరెంటును ఎదురు తిప్పారు. ఎడమకి వంగే కణాలు కుడికీ, కుడికి వంగేవి ఎడమకీ పోవడం మొదలుపెట్టాయి. తేడా ప్రకృతిలోనే ఉంటే ఎటు తిప్పినా మారకూడదు. ఓర్నెల్లా పట్టుకున్న తేడా కాస్తా ప్లేటు ఫిరాయించింది. ప్రకృతిలో ఏమీ లేదు, కణాల్ని లెక్కపెట్టే యంత్రంలో ఎడమ సగమే కొన్నిటిని చూడకుండా వదిలేస్తోంది.

మర్నాడు సమావేశంలో డైరెక్టర్ ఫలాస్కా ఆమెను బోర్డు దగ్గర నిలబెట్టి దులిపేశాడు.

“ఊరంతా చాటి ఇప్పుడు తూచ్ అంటావా? గడువు ఎలా పొడిగించమంటావు?”

ఎవరిస్తో లేచాడు.

“ఆగండి. తిప్పి చూద్దాం. అమ్మాయ్, నువ్వు నా కుర్చీలో కూర్చో, నేనక్కడ నిలబడతాను. ఆ ఎడమ సగాన్ని పోయిన చలికాలం ఎవరు బిగించారో నన్నడుగు.”

“ఎవరు బిగించారు?” ఆయన కుర్చీలో కూర్చుని అడిగింది ఓర్నెల్లా.

“నేనే.”

“అప్పుడు తిప్పి చూశారా?” ఆ ప్రశ్న దానంతటదే వచ్చేసింది.

“లేదు.”

గదిలో అంతా పగలబడి నవ్వారు. ఫలాస్కా తల పట్టుకున్నాడు. “నిన్నేం చెయ్యమంటావయ్యా?”

“పంపించెయ్యండి. పోయినేడే రిటైరయ్యాను, అయినా రావడం మానలేదు. మళ్లీ అవుతాను. లోపం బయటపడింది ఈ అమ్మాయి లెక్కలోనేగా, ఈమెను ఉంచుకోండి.”

ఆ సాయంత్రానికే ఓర్నెల్లా గడువు పొడిగించారు. ఆమె ఆయన్ని కాఫీ కొట్టు దగ్గర పట్టుకుంది.

“నిజంగా తిప్పి చూడలేదా, ప్రొఫెసర్ గారూ?”

“చూడకుండా ఉంటానా! వారం రోజులు అదే పని. అప్పుడు శుభ్రంగా ఉంది, తర్వాతెప్పుడో చెడింది.”

“మరి అబద్ధం ఎందుకాడారు?”

ఎవరిస్తో కప్పును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

“పుట్టి బుద్ధెరిగాక నిజమే చెబుతున్నానమ్మా. ఒకసారి అదీ తిప్పి చూశాను.”