వీపు వెనక చేతులు

తిమ్మయ్య నడుస్తుంటే చేతులు ఎప్పుడూ వీపు వెనకే ఉంటాయి. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, రొమ్ము ముందుకు పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి నడవడం ఆయన వాళ్ల నాయన్ను చూసి నేర్చుకున్నాడు. జమ్మలమడుగు పక్క ఆ పల్లెలో పొలం పుట్రా ఉన్న ఇంటి మగవాళ్లు నడివయసు దాటితే అలాగే నడవాలి. చేతులాడిస్తూ నడిచేది పిల్లకాయలు, లేదా బస్సు తప్పిపోతున్నవాళ్లు. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తిమ్మయ్య మాత్రం వీసమెత్తు తప్పకుండా పాటించాడు.

ఆ దర్జా భారమంతా నడుం మోసింది. నొప్పి మొదలై ఏళ్లయింది. సూదిమందులు, బెల్టు, తైలాలు అన్నీ అయ్యాయి. ఎక్స్‌రేలో పెద్ద లోపమేమీ లేదని డాక్టరు అన్నప్పుడల్లా తిమ్మయ్యకు ఒళ్లు మండేది, తానేదో అబద్ధమాడుతున్నట్టు. చివరికి ఆయన నడక ఇంటి నుంచి టీ అంగడి దాకా కుదించుకుపోయింది. అక్కడికి చేరేసరికే ఊపిరి అందేది కాదు.

అంతవరకైతే ఎలాగో సర్దుకుపోయేవాడు. చిక్కు చేను దగ్గర వచ్చింది. ఊరి పక్క వాగు, ఆ వంక అవతల నల్లరేగడి, శనగ పండే భూమి. బైకు మీద పోదామంటే వంకలో ప్రతి గుంతకూ ప్రాణం విలవిల్లాడుతుంది. కొడుకు భూపేష్‌కు ప్రొద్దుటూరులో ఎరువుల అంగడితోనే సరిపోతుంది.

"నాయనా, నువ్వు నడిచిపోయి చూసుకుంటానంటే మనమే విత్తుదాం. ల్యాకుంటే పక్కచేని ఓబుళేశుకు కౌలుకిచ్చేద్దాం. వాన పడేలోపల ఏదో ఒకటి చెప్పు," అన్నాడు భూపేష్.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే తిమ్మయ్యకు ఎక్కువ బాధ. ఆ చేను చేజారితే పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకు తెలియదు.

భూపేషే ఆయన్ను ప్రొద్దుటూరులో సుప్రజ దగ్గరికి తీసుకుపోయాడు. ఫిజియోథెరపీ చదివి, నడకా నిలబడే తీరూ ఊపిరీ దిద్ది నొప్పిని తగ్గించే అమ్మాయి. కరెంటు పెట్టెలూ ఎర్ర దీపాలూ ఉంటాయనుకుంటే గదిలో ఒక చాప, ఒక అద్దం ఉన్నాయి. తిమ్మయ్యకు నమ్మకం అక్కడే సగం పోయింది.

"ఒకసారి నడవండి పెద్దనాయనా," అంది సుప్రజ.

రొమ్ము విరుచుకుని నడిచాడు.

"ఊపిరి తీసుకునేదే మరిచిపోయినారు."

"నేనా?"

"మీరే. నొప్పి వస్తాదని ముందే బిగబట్టేస్తాండారు. చేతులు వెనక కట్టేస్తే నడుం తిరగదు, పక్కటెముకలు కదలవు. ఇంగ గాలి యాడికి పోవల్ల?"

చాప మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, కడుపు మీద చెయ్యి పెట్టించి మెల్లగా ఊపిరి పీల్చమంది. గోడకు ఆనించి నిలబెట్టి భుజాలు దించమంది. ఆఖరున అసలు సంగతి చెప్పింది. కుడికాలు పడినప్పుడు ఎడమచెయ్యి, ఎడమకాలు పడినప్పుడు కుడిచెయ్యి, వదులుగా ఆడాలి.

"నొప్పి పూర్తిగా పోతాదని నేను చెప్పను. నడక మాత్రం సులువైతాది," అంది.

తిమ్మయ్య పెరటి తలుపు గడియ పెట్టుకుని సాధన చేశాడు. గోడకూ నిమ్మచెట్టుకూ మధ్య చేతులాడిస్తూ తిరిగితే నిజంగానే హాయిగా ఉంది. కిటికీలోంచి భార్య సుబ్బలక్ష్మమ్మ చూసి, "పెండ్లినాడు గూడా ఇంత హుషారుగా నడవలేదే నువ్వు," అంది. ఆయన చేతులు చటాలున వెనక్కి పోయాయి.

వీధిలో అడుగు పెడితే అదే కథ. చివరికి ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. ఒక చెయ్యి సుప్రజ మాట ప్రకారం ఆడుతుంది, రెండోది వాళ్ల నాయన మర్యాద ప్రకారం వీపు మీదే ఉంటుంది. నడుం పిండిన బట్టలా మెలిపడింది. రెండు రోజులు మంచం దిగడానికే మనిషి సాయం కావలసి వచ్చింది. సంగతి విని సుప్రజ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎవరు చూస్తారని పెద్దనాయనా?"

"ఊరంతా."

ఇంతలో వాన పడింది. కౌలు మాట్లాడటానికి ఓబుళేశు వచ్చే రోజు కూడా వచ్చేసింది. ఆ పొద్దున తిమ్మయ్య ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. టీ అంగడి దాకా పాత నడకే. అక్కడ ఎప్పటిలాగే ఊపిరి అందలేదు. బెంచీ మీద దాసన్న, ఇంకో నలుగురు. ఎదురుగా వంక దారి. కూర్చున్నాడంటే ఇంక చేను ఓబుళేశుది. తిమ్మయ్యకు సిగ్గూ భయమూ రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. కడుపు నిండా గాలి పీల్చి, రెండు చేతులూ వదిలేశాడు.

"ఏందన్నా, చేతులాడిస్తా పోతాండావు?" అన్నాడు దాసన్న.

"ఊపిరాడల్ల గదప్పా."

"ఆడల్ల, ఆడల్ల," అని దాసన్న టీ గ్లాసు ఎత్తాడు. మిగతావాళ్లు ఫోన్లలోంచి తలే ఎత్తలేదు. ఇన్నేళ్లుగా తాను కాపాడుకున్న పరువును ఎవరూ చూడనే లేదని తిమ్మయ్యకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపంలోనే వంక దాకా పోయాడు.

వంక దాటి గట్టు ఎక్కేచోట నొప్పి రానే వచ్చింది. నిలబడ్డాడు. బిగబట్టలేదు. మెల్లగా ఊపిరి వదిలి, మళ్లీ చేతులాడించాడు. నొప్పి అలాగే ఉంది, కాళ్లు మాత్రం కదిలాయి. చేలో తడిసిన రేగడి చెప్పులకు ముద్దలుగా అంటుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ఎవరు చూస్తారని?

జేబులో ఫోను మోగింది. సుబ్బలక్ష్మమ్మ.

"ఓబుళేశు వచ్చి కూర్చోనుండాడు. యాడుండావు?"

"చేన్లో."

"ఎవరి బండి మీద పోతివి?"

"నడిచి."



"నొప్పి?" అంది.

"అదీ వచ్చింది. ఇద్దరం నిదానంగా నడిచినాం."

ఆమె ఫోను పెట్టేయడం మరిచిపోయింది. తిమ్మయ్యకు ఆమె గొంతు దూరం నుంచి వినబడింది.

"టీ తాగి పో ఓబుళేశూ. ఈ ఏడు మా చేను కౌలుకు ల్యాదు."