రెండు సీట్లు, నాలుగు టైర్లు

మా మామయ్య శేషయ్య జన్మలో చేసిన దుబారా ఒక్కటే. అది ఎర్రగా ఉంటుంది, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, దానికి పైకప్పు లేదు, రెండే సీట్లు.

అనంతపురం పాతూరులో మాది నూనె అంగడి. కింద అంగడి, వెనక గానుగ, పైన ఇల్లు. ఇరవై ఏళ్ల కిందట నూనె డబ్బాలు వేసుకోవడానికి వ్యాను కొంటానని బెంగళూరు పోయిన మనిషి, ఎవరో మోజు తీరి అమ్మేసిన స్పోర్ట్స్ కారు నడుపుకుంటూ వచ్చారట. డబ్బాల మాట దేవుడెరుగు, దాని డిక్కీలో చిన్న క్యాను కూడా నిలువుగా పట్టదు. తమ్ముళ్లిద్దరూ తలలు పట్టుకున్నారు. మా అత్తయ్య రత్నమ్మ మాత్రం మెట్లు దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, కుచ్చెళ్లు సర్దుకుని రెండో సీట్లో కూర్చుందట. "ఇంక పోనీండి" అందట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి ఇంట్లో ప్రతివాళ్లూ విడివిడిగా చెప్పారు, అందరూ నవ్వుతూనే.

ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు. నాకు కోపం కాస్త తొందర.

మామయ్య పిసినారి అని ఊళ్లో పేరు. సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అతికిస్తారు, నిజమే. కానీ నూనె కొలిచాక కొలపాత్రను కొన్నవాళ్ల గిన్నె మీద బోర్లించి అలాగే పట్టుకుంటారు. వెనక ఎంతమంది నిలబడి గొణుక్కున్నా సరే, ఆఖరి చుక్క దాకా పడాల్సిందే. "అది వాళ్లది" అంటారు. అలాంటి మనిషి రెండు సీట్ల కారు ఎందుకు కొన్నారో ఆ ఇంట్లో ఉంటేగానీ తెలియదు. ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు, వచ్చిపోయే చుట్టాలు, కింద గుమాస్తాలు. వంటింట్లో గుసగుసలాడితే గానుగ దగ్గర వినిపిస్తుంది. మొగుడూ పెళ్లాం కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మామయ్య ఆ చోటును బెంగళూరు నుంచి తెచ్చుకున్నారు.

ప్రతి ఆదివారం పొద్దున అంగడి తెరవకముందు వాళ్లిద్దరూ ఫ్లాస్కులో టీ పోసుకుని ఊరి పక్కనున్న బుక్కరాయసముద్రం దాకా పోయి వస్తారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే అత్తయ్య, "ఏముంటాది జ్యోతీ, చింతపండు రేటు" అని కొట్టిపారేస్తుంది. చింతపండు రేటు మాట్లాడి వచ్చిన ఆడమనిషి మొహం అలా ఉండదు.

నాకూ కొన్నాళ్లు ఆ కారు దక్కింది. మా పుట్టిల్లు కొత్తచెరువు. పెళ్లయిన కొత్తలో ఇంటి మీద బెంగతో స్నానాల గదిలో ఏడ్చి, మొహం కడుక్కుని బయటికి వచ్చేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్నాను. ఒకరోజు మామయ్య కారు తాళం నా ముందు పెట్టి, "పా మా, నేర్చుకుందువు" అన్నారు. గేరు మార్చడం తప్ప ఇంకో మాట అడగలేదు. రోడ్డు చూస్తూ నేనే అన్నీ చెప్పేశాను. ఆ మేలు నేను మరిచిపోలేదు.

ఇక టైర్ల సంగతి. ప్రతి శుక్రవారం అంగట్లో పూజ అయ్యాక మామయ్య గుడ్డకు మా వేరుశెనగ నూనె అద్ది నాలుగు టైర్లకూ పూసేవారు. మా ఎండకు తలుపులే పగులుతాయి, టైర్లు పగలవా అని ఆయన భయం. "మన నూనె తగిలిందేదీ చెడిపోదు" అని అంగడికి వచ్చినవాళ్లకు నలభై ఏళ్లుగా చెబుతున్న మాటే కారుకూ వర్తింపజేశారు. వారానికోసారి తిరిగే బండి కాబట్టి టైర్ల మీది గీతలు అరగనే లేదు. నల్లగా నిగనిగలాడుతుంటే చూసినవాళ్లంతా కొత్త టైర్లే అనుకునేవారు.

మొన్న జూన్‌లో, ఒక ఆదివారం, తొలకరి చినుకులు పడ్డాయి. వాళ్లు దారిలో ఉన్నారు. గేదె అడ్డం వస్తే మామయ్య బ్రేకు వేశారు. కారు ఆగలేదు. గిర్రున వెనక్కి తిరిగి, రోడ్డు దిగి, పక్కనున్న బీడులో నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒళ్లంతా టీ ఒలికిన అత్తయ్య, "ఇంటి దిక్కుకే తిప్పినారు, మంచిదే" అందట. మామయ్య నవ్వలేదు. ఇంటికి వచ్చి తాళం మేకుకు తగిలించారు.

"చేతులు పోయినాయి మా" అన్నారు నాతో. "కండ్లుండాయి, కాళ్లుండాయి, చేతులే పోయినాయి. ఆమెను పక్కన కూసోబెట్టుకుని ఇంక నేను నడపను. అమ్మేద్దాం."

మా ఆయన సాయిగణేష్ చెప్పి చూశాడు, చిన్న మామయ్యలు చెప్పారు. వినలేదు. తరువాతి ఆదివారం అత్తయ్య అలవాటుగా ఫ్లాస్కు నింపింది. నింపాక గుర్తొచ్చినట్టుంది. మూత తీసి ఆ టీ అందరికీ గ్లాసుల్లో పోసింది. ఎవరి మీదో తెలియని కోపంతో ఆ పూట గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను.

అమ్మడానికి ముందు మామయ్యకు ఇంకో బెంగ పట్టుకుంది. కొన్నవాడికి లోపమున్న సరుకు అంటగట్టకూడదు. "అంతా ఒకసారి చూపించి, మార్చాల్సినవి మార్చి ఇయ్యల్ల" అన్నారు. ఆఖరి చుక్క మనిషి కదా. ఆయన నడపనంటే నేను నడిపాను. ఆ కారు రెండో సీట్లో మామయ్య కూర్చోవడం నేను నేర్చుకున్న రోజుల తరువాత మళ్లీ అప్పుడే. దారి పొడుగునా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నారు.

మెకానిక్ ఇంజన్, బ్రేకులు బాగున్నాయన్నాడు. టైర్లు పాతబడ్డాయి, మార్చండి అన్నాడు. గడియార స్తంభం దగ్గరి షోరూంలో అబ్బాయి వెడల్పాటి టైర్లు చూపించి, స్పోర్ట్స్ కారుకు ఇవే అందం అన్నాడు. అవి వేస్తే స్టీరింగు తిప్పినప్పుడల్లా లోపల రాసుకుంటాయని నాకే అనుమానం వచ్చింది. సాయిగణేష్ ఫోన్ చేసి, పందెం కార్లకు వేసే మెత్తటి రకం బెంగళూరులో దొరుకుతుందన్నాడు. మన ఎండకు, మన కంకర రోడ్లకు అవి ఎన్నాళ్లుంటాయని అడిగి ఫోన్ పెట్టేశాను. చివరికి బళ్లారి రోడ్డులో బయ్యన్న దుకాణానికి తీసుకెళ్లాను. కణేకల్ రైతు, పెద్ద నోరు. ట్రాక్టర్లకు, లారీలకు టైర్లు అమ్ముతాడు. మా అంగట్లో నూనె కొంటాడు కూడా.

బయ్యన్న టైరు మీద చెయ్యి వేసి, వేళ్లు వాసన చూసుకున్నాడు.

"ఏం సెట్టీ, దీని మీద బజ్జీలు గాని ఏసినావా?"

నేను పెదవి కొరుక్కున్నాను. మామయ్య మాత్రం గర్వంగానే చెప్పారు. "శుక్రవారం శుక్రవారం మన శెనక్కాయ నూనె పూస్తాండా. ఎండకు పగలకూడదని."

"నేలకు తగిలే తావున కూడా పూస్తావా?"

"దాన్నొక్కదాన్ని యాల ఇడిసిపెట్టల్ల?"

బయ్యన్న నవ్వలేదు. టైరు పక్కభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాడు. నిగనిగల కింద సన్నని పగుళ్లు అల్లుకుని కనిపించాయి. "ముసలివైపోయినాయి, వానలో రోడ్డును పట్టవు, అదొకటి" అన్నాడు. "ఇంకొకటి, ఇది రబ్బరు కదప్పా" అని నూనె అంటిన వేళ్లు చూపించాడు.

మామయ్య వంగి ఆ పగుళ్లు చూశారు. తరువాత మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు మాట్లాడారు.

"మా పెద్ద డబ్బా కుళాయికి రబ్బరు వాషరుంటాది. నూనె తాగి ఉబ్బుతాది. జిగురు జిగురైపోతాది. ఉగాదికొకటి, దసరాకొకటి మారుస్తాండా. నా చేత్తోనే మారుస్తాండా."

నలభై ఏళ్లుగా కుళాయి దగ్గర తెలిసిన సంగతి ఆయనకు కారు దగ్గర తట్టలేదు. మన నూనె తగిలిందేదీ చెడిపోదన్న మాట, అంగడికి వచ్చే బయ్యన్న ఎదుటే తప్పయిపోయింది. తల దించుకుంటారనుకున్నాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"అయితే నా చేతులు కావు" అన్నారు.

"చేతులకేమైంది? దున్నపోతు మాదిరుండావు" అన్నాడు బయ్యన్న.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బయ్యన్న కాళ్లు మొక్కాలనిపించింది. మొక్కలేదు, మొక్కితే దాని మీద ఏడాదంతా వేళాకోళం చేస్తాడని.

"సరే, యాడికి పోతావు? ఎంత జోరుగా పోతావు?" అని అడిగాడు బయ్యన్న.

"బుక్కరాయసముద్రం దాకా. ఎద్దుల బండి కంటే కొంచెం జోరు. గేదె అడ్డమొస్తే నిలపల్ల. వానలో నిలపల్ల. పక్కన మనిషుంటాది."

అమ్మకం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. నేనైతే ఊపిరి బిగబట్టి మరీ ఎత్తలేదు.

"అనంతపురంలో వానకు టైరడిగినోన్ని నిన్నే చూసినాను" అని బయ్యన్న గట్టిగా నవ్వాడు. కారుకున్న కొలతే మంచిదన్నాడు, వెడల్పు వద్దన్నాడు. ఆ కొలతవి తన దగ్గర ఒక జత ఉన్నాయి గానీ ఏళ్ల తరబడి అటక మీద ఎండాయట. "కొనకపోయినా ముసలవుతాయి. నీకియ్యను" అని, నీళ్లు పక్కకు తోసే లోతు గీతలున్న మామూలు రకం, కొత్తగా తయారైనవి తెప్పించాడు. వారం తరువాత అవి వస్తే మామయ్య ఒక్కొక్కదాని పక్కన అచ్చువేసిన తయారీ సంవత్సరం నాతో చదివించారు. శెనక్కాయలు కొనేటప్పుడు గింజ కొరికి చూసినట్టు, గోరుతో రబ్బరు నొక్కి చూశారు. అందం లేని టైర్లు. మా చిన్న మామయ్య అయితే ఆటో టైర్లలా ఉన్నాయన్నాడు. అత్తయ్య వాటికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

మరునాటి నుంచి అంగట్లో మామయ్య మాట మారింది. "మన నూనె మంచిదే. రబ్బరుకు మాత్రం తగలనీయొద్దండి" అని అడగనివాళ్లకు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఉగాదికి బయ్యన్నకు ఒక డబ్బా పంపాలని ఇప్పటి నుంచే పక్కన పెట్టారు.

కానీ అత్తయ్యను ఎక్కించుకోలేదు. ఒక్కరే పోయి వచ్చేవారు, పొడి రోడ్డు మీద. "వానలో ఒకసారి నిలిపి చూడల్ల. ముందు నేనొక్కన్నే. ఆ తరువాతే ఆమె" అన్నారు. బాగానే ఉంది, వాన ఏది? జూన్‌లో పడ్డ నాలుగు చినుకులే. జూలై ఎండిపోయింది. విత్తనాలు తీసిపెట్టుకున్న రైతులు అంగడి ముందు నిలబడి ఆకాశం చూస్తుంటే, మామయ్య కూడా బయటికి వచ్చి వాళ్ల పక్కన నిలబడి చూసేవారు. "నీకెందుకు సెట్టీ, యాడన్నా శెనక్కాయ ఏస్తాండావా?" అని వాళ్లు అడిగేవారు. ఆదివారాలు అత్తయ్య ఫ్లాస్కు కడిగి బోర్లించి పెట్టేది. ఆ బోర్లించిన ఫ్లాస్కు చూస్తుంటే నాకే టాంకరు పిలిపించి రోడ్డు తడిపించాలనిపించేది. తాగడానికే నీళ్లు చాలని చోట ఆ పని చేస్తే జనం తంతారు.

ఆగస్టు సగం గడిచాక ఒక సాయంత్రం, ధర్మవరం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. ముందు దుమ్ము, వెంటనే వాన. మామూలు వాన కాదు, చూరు నుంచి ధారలు కట్టే వాన. పాతూరంతా అంగళ్లు వదిలి వీధిలోకి వచ్చింది. గుమాస్తాలు తడుస్తూ కేకలు. మామయ్య కొలపాత్ర నా చేతిలో పెట్టి, తాళం తీసుకుని పరుగెత్తారు. వెనకే నేను.

కారు టార్పాలిను తీసేసి ఉంది. రెండో సీట్లో అత్తయ్య కూర్చుని ఉంది. గోనెసంచిని మడిచి పొలాల్లో ఆడవాళ్లలా తలకు కప్పుకుంది. ఒళ్లో ఫ్లాస్కు.

"దిగు రత్నా" అన్నారు మామయ్య. "ముందు నేనొక్కన్నే పోయి చూసొస్తా."

"ఏమన్నా అయితే మీరొక్కరే పడి, నన్ను ఆ ఇంట్లో వదిలేసి పోదామనా?" అంది అత్తయ్య. "రెండు నెల్లు అయింది మీతో మాట్లాడి. నేను దిగను. ఎక్కండి."

ఆయన ఎక్కారు. కారు మెల్లగా కదిలింది. వీధి చివర మలుపు దగ్గరికి పోయేసరికి వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. నేను కొలపాత్రను గుండెకు అదుముకున్నాను. నీళ్లు రెండు పక్కలా ఎగిరాయి. కారు ఇటు జారలేదు, అటు జారలేదు, నిలబడమన్న చోట నిలబడింది.

ఇక తిరిగి వస్తారనుకున్నాను. రాలేదు, ముందుకూ పోలేదు. ఆ వానలో అత్తయ్య ఫ్లాస్కు మూత తీసి టీ వంచుతోంది. వెనక ఒక ఆటో చాలాసేపటి నుంచి హారన్ కొడుతోంది. వాళ్లు తిరిగి చూడలేదు, మాట్లాడుకుంటున్నారు.