ట్రేలో రాయి

మా పాత టీమ్ లీడ్‌ది విశాఖ. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అక్కడి బండల మధ్య మిగిలే నీటి గుంటల్ని మాకు చూపించాలని ఆవిడకి మహా సరదా. తీసుకెళ్ళే ముందు మాదాపూర్ ఆఫీసు ప్యాంట్రీలోనే శిక్షణ మొదలుపెట్టారు. ట్రేలో నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టారు.

"తిప్పి చూడండి. చూశాక మళ్ళీ అలాగే బోర్లించండి. అది పీతల ఇంటి పైకప్పండీ."

టీ ఇచ్చే అక్క నవ్వేది. "ఏంది మేడం, చిన్నపిల్లల లెక్క గిట్ల రాయితోని ఆడుతున్నరు?"

ప్రయాణం బాగా జరిగింది. మేం దారి తప్పకూడదని ఆవిడే గ్రూపులో లొకేషన్ పెట్టారు. అది మా గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పాకింది.

కొన్నాళ్ళకి ఊరెళ్ళొచ్చిన ఆవిడ లంచ్ బాక్సు మూత కూడా తీయలేదు.

"చూడ్డానికొచ్చినవాళ్ళు తిప్పి వదిలేసిన రాళ్ళన్నీ వెల్లకిలా పడున్నాయండీ. కిందుండేవి ఎండకి మాడిపోయాయి. నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా బోర్లిస్తూనే ఉన్నాను."

"ఆ లొకేషన్ అందరికీ పంపింది మేమే కదండీ," అన్నాను.

"చోటు చెప్పింది నేను," అన్నారు.

ఆ తర్వాత ఎవరినీ తీసుకెళ్ళలేదు. కొత్తగా చేరినవాళ్ళు అడిగితే మాత్రం ట్రే తీసేవారు. ఎక్కడుంది మేడమ్ ఆ చోటు అంటే, వినపడనట్టే ఉండేవారు. రాయి ఎత్తి చూపించి, దించబోయే ముందు మాత్రం, కింద ఏ పీతైనా ఉందేమోనన్నట్టు, ఆ ట్రేలోని నీళ్ళలోకి వంగి ఒకసారి చూసుకునేవారు.